ఇడ్లీ ప్లేట్లలో పెరుగన్నం

పొద్దున్నే లేవగానే వసుమతి చేసే మొదటి పని అన్నం మెత్తగా వండటం. మెత్తగా అంటే మనం తినేంత మెత్తగా కాదు, గరిటెతో మెదిపితే గుజ్జయిపోయేంత. అందులో పెరుగు కలిపి, చిటికెడు ఉప్పు వేసి, ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో సర్దుకుని బేస్‌మెంట్ మెట్లు దిగేది. కింద ఇల్లు వెచ్చబరిచే ఫర్నెస్ పక్కన పాత దుప్పట్ల మీద పదకొండు కుక్కపిల్లలు కుయ్ కుయ్‌మంటూ ఎదురుచూస్తుండేవి.

కుక్కలకి ఇడ్లీ ప్లేట్లేమిటని స్నేహితురాలు రాధారాణి ముక్కు మీద వేలేసుకుంది. మరేం చెయ్యమంటారు? ఒకే బేసిన్‌లో పెడితే అన్నీ అందులోకి దిగిపోయేవి. తిన్నది తక్కువ, ఒంటికి పూసుకున్నది ఎక్కువ. బలమున్నవి నెట్టుకుంటూ తినేసేవి, కడగొట్టుది మాత్రం మూల నిలబడి దిక్కులు చూసేది. గుంటకొకటి పెడితే ఎవరి వాటా వాళ్లది. అప్పటికి ఈ పరాయి దేశంలో, నోవై ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఇళ్లలో ఉన్న ఇడ్లీ ప్లేట్లన్నీ వసుమతి బేస్‌మెంట్‌కి చేరాయి. ఆ మార్చి నెలంతా మనవాళ్లు పాపం ఉప్మాతోనే సరిపెట్టుకున్నారు.

తల్లి కుక్క పేరు లచ్చి. దాన్ని తెచ్చిన ఘనుడు వసుమతి భర్త ఉమామహేశ్వరరావు. కార్ల కంపెనీలో ఇంజనీరు. చలికాలం మొదట్లో ఆఫీస్ నుంచి వస్తూ, మంచులో వణుకుతున్న కుక్కని తన కోటు కప్పి కార్‌లో ఎక్కించుకొచ్చాడు. దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేమిటని వసుమతి సాధించి వదిలిపెట్టింది. తీరా చూస్తే అది చూలుతో ఉంది. ఇక వెళ్లగొట్టే మాటెక్కడిది? తెచ్చినాయన మాత్రం దాని పురుడు చూడలేదు. అది ఈనేసరికి ఆయన హాస్పిటల్‌లో ఉన్నాడు. అన్నం దిగే గొట్టంలో ఏదో పెరిగింది. మంచినీళ్లు కూడా దిగడం లేదు. పొట్టకి ట్యూబ్ వేసి తెల్లటి ద్రవమేదో పోసేవాళ్లు. దాంతో పొట్ట నిండేది గానీ ఆకలి తీరేది కాదు. నలభై అయిదేళ్ల మనిషి చంటిపిల్లాడిలా అన్నం అన్నం అని గొణిగేవాడు.

కుక్కపిల్లలకి సూదుల్లాంటి పళ్లొచ్చాయి. లచ్చి పొదుగంతా గీరుకుపోయి, పాలివ్వడానికి అది విసుక్కోసాగింది. ఇక మెల్లగా తిండి అలవాటు చెయ్యాలని పక్కింటి డోరతీ చెప్పింది. ఆవుపాలు మాత్రం పొయ్యొద్దంది. ఆవిడ ఆ ముక్క చెప్పేలోపే వసుమతి గిన్నెడు పోసేసింది. వాటి కడుపులు పాడై, బేస్‌మెంట్ కడగలేక నడుం పడిపోయింది. అప్పుడు పెరుగన్నానికి దిగింది.

మొదట్లో వాటికి తినడం తెలియలేదు. ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని వేలితో నాకించాలి. అలా నాకిస్తుంటే, కూతురు విజయశ్రీకి చిన్నప్పుడు తినిపిస్తూ చెప్పిన మాటలే నోటికొచ్చాయి. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది తాత ముద్ద, ఇది డాడీ ముద్ద. ఆ సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్లేసరికి ఉమామహేశ్వరరావు పెదాలు తుడుచుకుంటున్నాడు.

"ఉప్పు తక్కువైంది వసూ," అన్నాడు, గొంతులోంచి గాలిలా వస్తున్న మాటతో.

"కుక్కపిల్లలకి కదండీ. ఎక్కువ వెయ్యకూడదు," అంది వసుమతి.

అంతే. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు. నర్సు కూడా, పేషెంట్ త్రేన్చాడని డాక్టర్‌కి చెప్పి, దిండు సర్ది వెళ్లిపోయింది.

ఇక్కడ పేరు చెప్పి పెట్టిన ముద్ద అక్కడ ఆ మనిషికి చేరుతోందని తెలిశాక మనవాళ్లు ఊరుకుంటారా? కార్ల ప్లాంట్‌లో షిఫ్ట్ చేసే భీమశంకర్ ఫోన్ చేసి, వదినగారూ, లంచ్‌కి టైం దొరకట్లేదు, నా పేరు మీద ఒక ముద్ద పడెయ్యండి అనేవాడు. రాధారాణి అయితే కాస్త గోంగూర కలిపి పెట్టమంది. పసికూనలకి గోంగూరేమిటే నీ మొహం అని వసుమతి చివాట్లు పెట్టింది. కానీ పోపు లేదేమని భర్త అడిగిన రోజున మాత్రం మనసాగక రెండు ఆవాలు చిటపటలాడించి కలిపింది. పిల్లలన్నీ తుమ్ముకుంటూనే తిన్నాయి. హాస్పిటల్‌లో ఆయన చాలాకాలానికి నవ్వాడట. ఆ తర్వాత ఆమె ఇంకెవరి పేరూ చెప్పలేదు. పదకొండు ముద్దలూ ఆయనవే.

అయితే దానికీ ఓ పద్ధతుంది. కుక్కపిల్ల ఇంకా తల్లి పాలు తాగుతున్నంత కాలమే ముద్ద చేరేది. పాలు మరిచి డాగ్ ఫుడ్ కరకరా నమలడం మొదలెట్టిందా, దానికి ఎవరి పేరు చెప్పి పెట్టినా నిండేది దాని పొట్టే. ఇంకోటి, పెట్టే మనిషి తన పేరు చెప్పుకోకూడదు. పిల్లలకి ముద్దలు పెట్టే తల్లి ఊళ్లో అందరి పేర్లూ చెబుతుంది గానీ తన పేరు చెప్పుకోదు కదా, ఇదీ అంతే.

వసుమతి అయితే తినడమే మానేసింది. ఆయనకి ముద్ద దిగని రోజు నుంచి ఆమెకీ దిగలేదు. కాఫీ, ఓ బిస్కెట్, అంతే. మనిషి చిక్కిపోయి, కుచ్చిళ్లు పోసినకొద్దీ చీర మిగిలిపోతోంది. ఎవరు బతిమాలినా, ఆకలి లేదు, నిజంగా లేదు అనేది. ఆయన పోతే వెనకే ఈవిడా పోతుందని రాధారాణి తన మొగుడితో గుసగుసగా అంటుంటే విజయశ్రీ చెవిన పడింది. ఆ పిల్లకి పదహారేళ్లు. ఆ తర్వాత అమ్మ మెట్లు దిగుతుంటే వెనకాలే దిగేది, పడిపోతుందేమోనని.

కుక్కపిల్లలు ఆగుతాయా? ఒకటి డాగ్ ఫుడ్ నమిలింది, దాన్ని చూసి ఇంకోటి. విజయశ్రీ స్కూల్ స్నేహితులు వచ్చి ఒక్కోదాన్నీ పట్టుకెళ్లారు. ఒకటి వెళ్లినప్పుడల్లా ఆయన తినే అన్నంలో ఒక ముద్ద తగ్గేది. చివరికి కడగొట్టుది మిగిలింది, బుడ్డి. అది ఎలాగైనా పాలు మరవకుండా చూడాలని వసుమతి లచ్చి పొట్ట కింద దూర్చింది. లచ్చి గుర్రుమని లేచి అవతలికి పోయింది. మళ్లీ దూర్చింది. మళ్లీ పోయింది. నువ్వూ ఒక తల్లివేనా, ఇంకో నాలుగు రోజులు ఇస్తే నీ సొమ్మేం పోయిందని దాన్ని తిట్టి, మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. లచ్చి వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది గానీ, పాలు మాత్రం ఇవ్వలేదు.

ఆ సాయంత్రం హాస్పిటల్‌లో వసుమతి డాక్టర్‌తో మాట్లాడటానికి వెళ్లినప్పుడు, ఉమామహేశ్వరరావు కూతుర్ని దగ్గరికి పిలిచాడు. బుడ్డి ఇంకా పాలు తాగుతోందా అని అడిగాడు. కొంచెం, అంది విజయశ్రీ.

"ఆఖరి ముద్ద అమ్మ పేరు మీద పెట్టు తల్లీ. నువ్వే పెట్టాలి."

"మరి నీకు?"

"నేను బాగా తిన్నానమ్మా. ఇంత తిన్నాక ఇంకా కావాలంటే అత్యాశ."

"అమ్మ చాలా కోప్పడుతుంది డాడీ."

"కోప్పడనీ," అన్నాడాయన.

ఆదివారం పొద్దున బుడ్డి లచ్చి దగ్గరికి వెళ్లి ఓ గుక్క తాగింది. తర్వాత డాగ్ ఫుడ్ గిన్నె వాసన చూసి, ఒక పలుకు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. రేపటికి ఉమ్మెయ్యదని తల్లీకూతుళ్లిద్దరికీ అర్థమైంది. వసుమతి దాన్ని ఒళ్లోకి తీసుకుని, ఇడ్లీ ప్లేటు గుంటలోంచి అన్నం తీసి ముద్ద చేసింది. పేరు చెప్పబోయేలోపే విజయశ్రీ ఆమె వేళ్లలోంచి ముద్ద లాక్కుని బుడ్డి నోటికి పెట్టింది.

"ఇది అమ్మ ముద్ద," అంది.

బుడ్డి వేళ్లతో సహా నాకేసింది. వసుమతి చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. ఎన్నో వారాలుగా ఎండిపోయిన గొంతులోంచి చల్లగా, పుల్లగా, మెత్తగా ఏదో దిగింది. దిగి పొట్టలో కూర్చుంది. ఆ రుచికి ఒక్క క్షణం ఆమె కళ్లు మూతలు పడ్డాయి. తర్వాత కోపం తన్నుకొచ్చింది.

"మీ డాడీ నోటి దగ్గర కూడు లాగేశావు కదే," అని చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది. విజయశ్రీ ఏడుస్తూ అలాగే నిలబడింది, తప్పుకోలేదు.

ఆ కోపంతోనే కూతుర్ని తీసుకుని హాస్పిటల్‌కి బయల్దేరింది. గదిలోకి వెళ్లాక వసుమతి ఆయన మొహం చూడలేక దుప్పటి సర్దుతూ నిలబడింది. ఆయనే ఆమె వేళ్లు పట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా వసూ?"

ఆమెకి అప్పుడు తెలిసింది ఇది ఎవరి పనో. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరిపోయిందండీ," అంది.

ఆ వారంలోనే ఆయన పోయాడు. దహనం అయ్యాక అందరూ ఇంటికి చేరారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి రాధారాణి తన ఇంట్లోనే వండి గిన్నెలతో తెచ్చింది. తెచ్చింది గానీ వసుమతిని తినమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆడవాళ్లు గోడ వారన కూర్చుని, ఈవిడ ఇంకెన్నాళ్లు ఉంటుందిలే అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. విజయశ్రీ అమ్మ భుజం వదలకుండా పట్టుకుని ఉంది. బేస్‌మెంట్ నుంచి బుడ్డి డాగ్ ఫుడ్ నములుతున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది.

"ఆకలేస్తోంది రాధా," అంది వసుమతి.

అందరూ ఉలిక్కిపడ్డారు. రాధారాణి గబగబా కంచంలో పెరుగన్నం పెట్టి తెచ్చింది. వసుమతి ఏడుస్తూనే కలుపుకుంది. మొదటి ముద్ద చేసింది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత ఎవరి పేరూ చెప్పకుండా తన నోట్లో పెట్టుకుంది.