మోత మోగుతున్నప్పుడు చదివే పేజీ

మా అక్క కాలేజీలో సాహిత్యం చెబుతుంది. ఎంతటి కొరుకుడుపడని పద్యమైనా ఆమెకు మంచినీళ్లప్రాయం. అలాంటిది, మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి, ఊపిరితిత్తులు పాడైన బావ ఆక్సిజన్ యంత్రం బ్యాటరీ మీదికి మారి కీచుమని మోగేసరికి, దాంతోపాటు మా కంపెనీ ఇచ్చిన వాడకం పుస్తకం తెరిచి, ఒక్క ముక్క అర్థంకాక, పెద్ద స్విచ్ కట్టేసింది. మోత ఆగింది. గాలీ ఆగింది. బావ కళ్లు తేలేయడం చూసి మళ్లీ వేసింది కాబట్టి మనిషి దక్కాడు.

"అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయే, బుర్రకెక్కి చావలేదు," అని ఫోన్లో ఏడ్చింది.

ఆ పుస్తకాలు రాసే ఉద్యోగం నాదే. నేను తేలిగ్గా రాసిన పేజీని దిద్ది బరువెక్కించింది మాత్రం మా మేనేజరు. చాటుగా మేమంతా ఆయన్ని నిఘంటువుగారంటాం. నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త ముద్రణకు ఆ పేజీ తిరగరాసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మా ఇది, ఒకటో తరగతి వాచకమా? మన కస్టమర్లు చదువుకున్నవాళ్లు, నొచ్చుకుంటారు. పాతదే ఉంచి సంతకం పెట్టు."

"పెట్టను సార్."

"అయితే వేరే ఉద్యోగం చూసుకో."

"చూసుకుంటాలెండి. ముందు మీరు ఇది చూడండి."

మూలనున్న నమూనా యంత్రం ఆన్ చేసి, గొట్టం నా ముక్కుకు తగిలించుకుని, ప్లగ్గు పీకేశాను. చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆయన పేజీ ఆయన చేతిలోనే పెట్టాను.

"నేనే పేషెంటుని. చదివి కాపాడండి."

"విద్యుత్ సరఫరాకు అంతరాయం సంభవించిన పక్షంలో, ప్రత్యామ్నాయ శక్తి వనరును..." అని మొదలుపెట్టారు. రెండో లైనుకెళ్లి మళ్లీ మొదటికొచ్చారు. అద్దాల తలుపు అవతల ఆఫీసంతా లేచి నిలబడింది. ఆయన చెయ్యి పెద్ద స్విచ్ మీదికి పోయింది. గుడ్లురిమాను. ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నారు.

"ఏ బటన్ నొక్కాలో చెప్పి చావు తల్లీ!"

"పచ్చది."

నొక్కారు. మోత ఆగింది. గాలి వస్తూనే ఉంది.

నా పేజీ ఆయన ముందుకు తోశాను. మొదటి లైను: 'పచ్చ బటన్ నొక్కండి.' రెండోది: 'పెద్ద స్విచ్ ముట్టుకోకండి.'

"ఇది ఒకటో తరగతి భాష కాదు సార్, ఇప్పుడు మీరు అరిచి అడిగిన భాష. నా సంతకం దీనికే. పాతదే అచ్చేయిస్తానంటే కింద మీ పేరు వేయించండి, మా అక్కకి చూపిస్తాను. మొన్న ఆ పేజీ చదువుతూనే బావ గాలి కట్టేసింది."

నిఘంటువుగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఆ రెండు లైన్లు మళ్లీ చదివారు.

"బటన్ బొమ్మ కూడా వెయ్యమ్మా," అన్నారు.