ఆమని కుడి గుప్పిట

నేను ఒక లక్క గిలక్కాయను. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో నన్ను చేసిన మనిషి నా కడుపులో నాలుగు గింజలు పోసి, పైన ఎర్ర లక్క పూశాడు. నేను మాట్లాడాలంటే ఆ నాలుగు గింజలే దిక్కు.

అనకాపల్లి సన్యాసమ్మ నన్ను మనవరాలు ఆమని కోసం కొన్నది. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, తొమ్మిది వందల గ్రాములు. రెండు నెలలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉండి వచ్చింది. నా బరువుకే ఆ చెయ్యి విరుగుతుందేమోనని హడలిపోయాను.

అన్నప్రాశన నాడు పీట మీద పుస్తకం, పెన్ను, బంగారం పెట్టి, పక్కన నన్నూ పెట్టారు. తల్లి ఒళ్లోంచి వంగి ఆమని నన్నే అందుకుంది, ఎడమ చేత్తో. పంతులుగారు చిన్నగా దగ్గారు.

"శుభమా అని ఎడం చెయ్యేటమ్మా," అని సన్యాసమ్మ నొచ్చుకుంది. మర్నాటి నుంచి ఆ చేతికి పాత చీర పేలిక చుట్టి, నన్ను కుడిచేతిలో పెట్టసాగింది. రెండు చేతులూ ఒకే ఒంటివి కదా, ఈ మనుషులకు ఒకదాని మీదే ఎందుకంత కోపమో.

పెట్టిన ప్రతిసారీ జారి పడ్డాను. అందరి చూపూ ఎడమ చేతి మీదే. కుడి గుప్పిటలో బొటనవేలు లోపలికి ముడుచుకుపోయి ఉందని నాకొక్కదానికే తెలుసు. ఎలా చెప్పను? పడేటప్పుడు వీలైనంత గట్టిగా మోగేదాన్ని.

ఆ చప్పుడు వినీ వినీ తల్లి ఈశ్వరికి అనుమానం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, పిల్లల డాక్టరమ్మ నన్ను ఒక్కో చేతికీ ఇచ్చి చూసింది.

"ఎడమచేతి వాటం ఇంత చిన్నప్పుడు తెలీదమ్మా. ఇప్పుడే ఒక్క చేతినే వాడుతోందంటే రెండోది బలహీనంగా ఉందేమో చూడాలి. ఇంత తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో మరీను."

ఈశ్వరి ఆ కుడి గుప్పిటను తన చేతిలోకి తీసుకుంది. సన్యాసమ్మ డాక్టరమ్మ దగ్గరికి జరిగింది. "నానే గుడ్డ కట్టీసినానమ్మా. నా వల్లే ఇలాగయిందేటి?"

"మీ వల్ల కాదు. రోజూ ఎడమ చేతికి ఆ గుడ్డే కట్టండి, కుడిది కదిలేలా, కాసేపు, ఆటలాగా. ఏడిస్తే విప్పెయ్యండి."

తప్పనుకున్నదే వైద్యమైంది. ఎన్ని నెలలు పడ్డానో, నా లక్కంతా పెచ్చులూడిపోయింది. ఆమని పుట్టినరోజు దాటినా ఆ గుప్పిట విప్పారలేదు. ఈశ్వరి తిండి తగ్గిపోయింది. నాకైతే పడటం కన్నా, పడే ముందు ఆ ఇద్దరి ముఖాలు చూడటమే కష్టంగా ఉండేది.

ఒక ఉదయం నేను జారలేదు. ఆ కుడిచేతిలోంచి గాల్లో లేచి వెళ్లి రాగిజావ గిన్నెలో పడ్డాను.

"విసిరీసిందే ఈశ్వరీ," అంది సన్యాసమ్మ, చాలా నెమ్మదిగా.

ఆమె నన్ను కడిగి, తుడిచి, మళ్లీ అదే చేతిలో పెట్టింది. భయంతో నా గింజలు కూడా కదల్లేదు. ఒక్కో వేలూ నా మెడ చుట్టూ చేరింది. అన్నిటికన్నా చివర, బొటనవేలు.