బడి నీళ్ళ ఆంజినమ్మ

ఇరవయ్యో మెట్టు మీద ఆంజినమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. ఆ దిగుడుబావికి మొత్తం నలభై రెండు మెట్లు. వానలు పడిన ఏళ్ళలో పది మెట్లు దిగితే బిందె మునిగేది. పందొమ్మిది వందల అరవై అయిదులో వానలు మొండికేశాక నీళ్ళు అడుక్కి చేరాయి. వాటికేం, ఎక్కి దిగే మోకాళ్ళు ఆంజినమ్మవి.

పొట్టి మనిషి. మెడ నరాలు తాళ్ళలా పైకి తేలి ఉంటాయి. మోసి మోసి నడినెత్తిన అరచేయంత మేర జుట్టు రాలిపోయింది. ఆ బోడి చోటు మీద గుడ్డ చుట్టకుదురు, దానిమీద బిందె. మొగుడు పోయినప్పటి నుంచి, అంటే ఇరవై మూడేళ్ళుగా, ఊరి బడికి నీళ్ళు తెచ్చేది ఆమే. బడి తెరవకముందు ఒక బిందె తెచ్చి కడవలో పోస్తుంది. పిల్లలు విరామంలో అవి తాగుతుండగా రెండో బిందెకు బావికి పోతుంది.

బావి గట్టున కూలికి పోతున్న యేసన్న ఎదురయ్యాడు. ఊరవతలి హరిజన పేటలో ఉంటాడు. కూతురు రాహేలు మూడో తరగతి.

"ఏమప్పా, అట్ల మొగం వేలాడేసుకోని పోతాండావు?"

"మా పాపను రేపట్నుంచి బడి మాన్పిద్దామనుకుంటాండానక్కా. కుక్క మాదిరి మొరిగితే గానీ నీళ్ళు పొయ్యరంట. మొరిగినా నేలమీద పోసి నగుతారంట. నిన్న దావలో కండ్లు తిరిగి పడిపోయినాది. ఈ పొద్దు గూడా నోరెండి ఇంటికొచ్చిందంటే మేకలెంబడి తోలేస్తా."

ఈ సంగతి ఆంజినమ్మకు కొత్త కాదు. పేట పిల్లలు కడవ ముట్టకూడదు, ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. చెంబు ఐదో తరగతి లీడరు నారాయణ చేతిలో ఉంటుంది. పెద్దరైతు బయ్యన్న కొడుకు వాడు. మూడేళ్ళ కిందట, వాడికి ముందున్న లీడరు కాలంలో, పేట పిల్లాడు నల్లప్ప ఆమె కొంగు పట్టుకుని "అవ్వా, నువ్వే పొయ్యవా?" అని అడిగాడు. "తెచ్చేదే నా పని, పోసేది కాదు నాయనా" అని ఆమె బావికి పోయింది. మర్నాటి నుంచి నల్లప్ప బడికి రాలేదు. ఇప్పుడు గుంతకల్లు రోడ్డు మీద కంకర కొడుతున్నాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమెకు సిగ్గుతో తల దించుకోవాలనిపిస్తుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. తన పిడికెడు కాస్త పెద్దదేనని ఆమె నమ్మకం.

బడికి రాగానే ఓబుళేసు అయ్యవారితో చెప్పింది. చెడ్డవాడు కాదు. పిల్లి మెడలో గంట కట్టడం మాత్రం ఆయన వల్ల కాదు.

"చూద్దాంలే ఆంజినమ్మా. బడి కొట్టమే బయ్యన్నది కదా."

"మీరు చూస్తాండండి అయివారూ. నేను పోస్తా."

విరామంలో కడవ దగ్గర ఉండాలంటే రెండో బిందె ముందే తేవాలి. మళ్ళీ నలభై రెండు మెట్లు దిగింది, ఎక్కింది. గంట కొట్టేసరికి కడవ పక్కన కూర్చుని, ఒగర్చుకుంటూనే నారాయణ చేతిలోంచి సత్తు చెంబు లాక్కుంది.

"ఇంకమీద దీన్ని నేను తప్ప ఎవురూ ముట్టగూడదు. ముందొచ్చినోళ్ళు ముందు. మాట్లాడినోళ్ళు వరసలో వెనక్కి."

"మా నాయనతో చెప్తా," అన్నాడు నారాయణ.

"చెప్పుపో. మీ నాయన గూడా నేను మోసిన నీళ్ళు తాగే సదువుకున్నాడు. నేలమీద పోసేకి మోసుకొస్తాండానా రా?"

నారాయణ మూతి ముడుచుకుని వరసలో నిలబడ్డాడు. దాహం వాడికీ వేస్తోంది మరి.

రాహేలు వంతు వచ్చింది. ఆంజినమ్మ చెంబు ఎత్తిందో లేదో ఆ పిల్ల దోసిలి పట్టి, కళ్ళు నేలకు వేసి, అలవాటు కొద్దీ చిన్నగా "బౌ" అంది. వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. ఆంజినమ్మ చెంబు వంచబోయి ఆగింది.

"వద్దు తల్లీ. ఊరికే తాగు."

రాహేలు మూడు దోసిళ్ళు తాగింది. ముంజేతుల మీదుగా కారిన నీళ్ళు కూడా నాక్కుంది.

ఈసారి అందరూ కడుపారా తాగేసరికి కడవలో నీళ్ళు అడుగంటాయి. సాయంత్రం విరామానికి మళ్ళీ నీళ్ళు కావాలి. మధ్యాహ్నం అన్నాలకు పిల్లలు ఇళ్ళకు పోయాక ఆంజినమ్మ మూడోసారి బావికి పోయింది. నేల నిప్పుల్లా ఉంది. ఆ రోజు మెట్ల మీద ఎన్నిసార్లు కూర్చుందో చూసినవాళ్ళు లేరు. బిందె తెచ్చి కడవలో పోసింది, మూతపెట్టి దానిమీద చెంబు బోర్లించింది. చుట్టకుదురు ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని, కొంగు మొహం మీదికి లాక్కుంది.

గంట కొట్టారు. పిల్లలు పరుగున వచ్చి నిలబడ్డారు. అందరికంటే ముందు రాహేలు. నాలుగోవాడు నారాయణ. అవ్వ నిద్రపోతోందనుకున్నారు. ఒకడు లేపబోతే ఇంకొకడు చేయి పట్టి ఆపాడు. నారాయణ ఒక్క అడుగు వేసి చెంబు వైపు చేయి చాచాడు, బొబ్బలెక్కిన ఆమె కాళ్ళ వైపు చూసి వెనక్కి తీసుకున్నాడు. మాట్లాడితే వెనక్కి పోవాలి కదా. ఎవరూ నోరు మెదపలేదు.

అంత నిశ్శబ్దం ఆ బడిలో ఎన్నడూ లేదు. అదేమిటో చూద్దామనే ఓబుళేసు అయ్యవారు బయటికి వచ్చాడు.

"ఆంజినమ్మా."

వంగి కొంగు కొద్దిగా తొలగించి చూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. మళ్ళీ కొంగు కప్పాడు. లేచి చూస్తే ఎదురుగా రాహేలు, దోసిలి పట్టుకునే ఉంది. ఆ చిన్న దోసిలి చూడగానే పొద్దున "చూద్దాంలే" అన్న మాట ఆయనకు గుర్తొచ్చింది.

"లేపొద్దండి. అలిసిపోయినాది," అని చెంబు తీసి ముంచాడు.

రాహేలు తాగింది. తర్వాతి ఇద్దరూ తాగారు. నారాయణ తాగాడు. వరసలో చివరి పిల్ల తాగేదాకా అయ్యవారు వంచిన తల ఎత్తలేదు. అప్పుడు చెంబును మూతమీద, ఆమె పెట్టినట్టే బోర్లించాడు. ఆమె ఒళ్ళోని చుట్టకుదురు ఇంకా తడిగానే ఉంది.