ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ

బ్యాంకాక్ విమానం ఎక్కేనాటికి హలీమా పెట్టుబడి మూడే మూడు. ఏలూరు ఇంట్లో వరండా గదిలో మగ్గం మీద సగం నేసిన తివాచీ ఒకటి. మిగతా సగానికి గళ్ళ కాగితాల మీద గీసిన నమూనా రెండోది. ఆ నమూనాను పైకి చదవగల గొంతు మూడోది. మొదటిది ఏలూరులోనే ఉండిపోయింది. రెండోది పెట్టెలో చీరల మధ్య దాక్కుని వచ్చింది. మూడోదాన్ని ఏ కస్టమ్స్‌వాళ్ళూ తెరిచి చూపించమనలేదు.

ఆ గొంతు సంగతి ముందు చెప్పాలి. హలీమా నాన్న నబీ తివాచీలు నేసేవాడు. ఆయన మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు కాగితం వైపు చూసేవాళ్ళు కాదు. చూస్తే చేతులు ఆగిపోతాయి. ఒకరు పక్కన కూర్చుని రంగులు పైకి చెబుతూ ఉంటే, నేసేవాళ్ళు విని ఊలు ముళ్ళు వేసేవాళ్ళు. "రెండు ఎరుపూ... ఒకటి తెలుపూ... మూడు నీలం..." అని తీగలాగా సాగదీసి చెప్పాలి. వరస పూర్తయ్యాక ఇనుప దువ్వెనతో కొట్టి బిగిస్తారు. ఆ దెబ్బ వినపడ్డాకే తరవాతి వరస ఎత్తుకోవాలి. ఊలు నూగుతో నబీ గొంతు పూడుకుపోయాక, ఇంకా పరికిణీలు కట్టుకునే హలీమా ఆ పని అందుకుంది. ఇక అమ్మ తరఫువాళ్ళు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారులు. బేరం ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమెకు అమ్మమ్మ దగ్గర అబ్బింది. నాన్న పోయాక మగ్గం ఆమె వెంట అత్తవారింటికి వచ్చింది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటేడు హలీమా భర్త ఆసిఫ్‌కు బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది. అంతవరకూ అతను కైకలూరు చుట్టుపక్కల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి, ఏ రోగానికి ఏం చల్లాలో చెప్పేవాడు. చెరువులే పోయాక చెప్పించుకునేవాళ్ళు లేరు. అక్కడి రొయ్యల మేత కంపెనీ ఒకటి రెండేళ్ళ ఒప్పందం మీద పిలిచింది. అదే దెబ్బకు మరిది జాహిద్ కైకలూరులో మేత కొట్టు మూసేశాడు. అమ్ముడుపోని బస్తాలు మిగిలాయి. బస్తాలకు చోటు కావాలి. ఇంట్లో చోటు అంటే ఎప్పుడూ ఆడవాళ్ళు వాడుకుంటున్న చోటే కనపడుతుంది.

"వదినా, మీరెటూ వెళ్ళిపోతున్నారు కదండీ. ఆ మగ్గం విప్పేస్తే బస్తాలు సర్దేసుకుంటాను," అన్నాడు జాహిద్, చాలా మర్యాదగా.

హలీమా భర్త వైపు చూసింది. ఆసిఫ్ పాస్‌పోర్టు అట్ట తుడుచుకుంటున్నాడు. "పోనీలే హలీమా. అక్కడ నీకు హాయిగా రెస్టు."

రెస్టు! ఆ మాట విని హలీమాకు నవ్వొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ప్రసవానికి పుట్టింటికి పంపినప్పుడు కూడా రెస్టే అన్నారు. బిడ్డ దక్కక తిరిగొచ్చిన వారానికి పొయ్యి దగ్గరికి పంపినప్పుడు, ఇంట్లో కూర్చుని చేసే పనేగా, రెస్టేగా అన్నారు. మగవాళ్ళ నిఘంటువులో ఆ మాటకు అర్థం జీతం లేని పని. అది ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు గాని, ఊరికే మాత్రం ఒప్పుకోకూడదు. ఉల్లిపాయల మార్కెట్లో అమ్మమ్మ మాట అదే: ఊరికే వదిలేది కుళ్ళిన సరుకునే.

"బేరం చేసుకుందాం జాహిద్. రంజాన్ నెల మొదలయ్యేలోపు ఈ తివాచీ మగ్గం దిగితే, మగ్గం ఉంటుంది. దిగకపోతే మీరే విప్పుకోండి. నేను నోరెత్తను."

"రంగులు చెప్పేవాళ్ళు బ్యాంకాక్‌లో, నేసేవాళ్ళు ఏలూరులోనా?" జాహిద్ పకపకా నవ్వాడు.

"మీరు కైకలూరులో కూర్చుని వైజాగ్ రొయ్యల రేటు ఫోన్లో కనుక్కోలేదూ?"

గెలిచే బేరమే అనుకున్నాడేమో, జాహిద్ ఒప్పుకున్నాడు.

అలా మొదలైంది. బ్యాంకాక్‌లో మూడో అంతస్తు గది. ఉక్కపోతలో ఏలూరుకు ఏమాత్రం తీసిపోదు. చెమటకు వీసా అక్కర్లేదని హలీమాకు అర్థమైంది. ఆసిఫ్‌కు కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ ఉంది, నెట్ ఉంది. నెట్ నుంచి ల్యాండ్‌లైన్‌కు మాట్లాడే కార్డు ఒకటి కొనుక్కుంది. అతను ఆఫీసుకు వెళ్ళగానే గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, తలకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, వైరు అందేటంత దూరంలో నేల మీద కూర్చునేది. అక్కడ ఏలూరులో స్పీకరు ఫోను మగ్గం పక్కన పీట మీద. మగ్గం ముందు ఇద్దరు: నబీ కాలం నుంచీ నేస్తున్న కనకమ్మ, జాహిద్ భార్య మహీన్. ఈ ఇంటికి కోడలుగా వచ్చాకే ముళ్ళు నేర్చుకుంది మహీన్. దాని వేళ్ళు ఇప్పుడు కనకమ్మ వేళ్ళతో పందెం వేస్తున్నాయి.

"రెండు ఎరుపూ... ఒకటి తెలుపూ..."

"ఆఁ..." అని అటునుంచి ఇద్దరూ. తరవాత ధబ్‌మని దువ్వెన దెబ్బ. సముద్రాలు దాటి వచ్చే ఆ దెబ్బ చెవిలో పడితే హలీమాకు తన ఇంటి తలుపు తనే తీసుకున్నట్టు ఉండేది.

సాయంత్రం ఆసిఫ్ వచ్చి, బూట్లు విప్పుతూ, "అయ్యాయా ఫోన్లో కబుర్లు?" అనేవాడు. చెడ్డవాడు కాదు. చేయి ఎత్తడు, గొంతు పెంచడు, జీతం తెచ్చి బల్ల మీద పెడతాడు. కాకపోతే అతని దృష్టిలో బల్ల మీదకు వచ్చేదే సంపాదన, బయటికి వెళ్ళి చేసేదే పని. ఆఫీసు తెలుగువాళ్ళు ఎవరైనా ఇంటికొచ్చో బజార్లో కలిసో "మీ ఆవిడ ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, హలీమా పక్కనే ఉండగానే, "ఖాళీయేనండీ" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ హలీమా చేతిలో కాఫీ ట్రేనో, కూరగాయల సంచీనో ఉండేది. ఖాళీ చేతులతో ఆ మాట వినే అదృష్టం ఒక్కసారి కూడా పట్టలేదు.

ఆమె చేసేది పని అని మొదట కనిపెట్టింది గది అద్దెకిచ్చిన ఇంటావిడే. ఆవిణ్ణి అందరూ పా నోయ్ అంటారు. పా అంటే అక్కడ పెద్దమ్మ. మేడ కింద నూడుల్స్ బండి ఆవిడదే. రోజూ అదే వేళకు పైనుంచి రాగం వినపడుతుంటే, ఏదో ప్రార్థన అనుకుని, ఒకరోజు పైకొచ్చి, చెప్పులు గుమ్మంలో విడిచి, చేతులు జోడించి మూల కూర్చుంది. మూడు నీలాల దగ్గర కళ్ళు మూసుకుంది కూడా. హలీమా నవ్వాపుకోలేక వరస తప్పింది. అటునుంచి కనకమ్మ, "ఏమైందమ్మా? పొలమారిందా?" అంది.

భాష లేదు. హలీమా గళ్ళ కాగితం చూపించింది, మగ్గం ఫోటో చూపించింది, వేళ్ళతో ముడి వేసి చూపించింది. పా నోయ్ జోడించిన చేతులు విడదీసి, ఒక్కసారి పెద్దగా నవ్వి, నడుముకు కట్టుకున్న సంచీలోంచి కాలిక్యులేటర్ తీసి హలీమా ముందు పెట్టింది. ఎంత ఇస్తారు, అని. రెండేళ్ళ కాపురానికి వచ్చిన ఊళ్ళో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. హలీమా అంకె నొక్కింది. పా నోయ్ పెదవి విరిచి, దానికి ఇంకొంచెం కలిపి నొక్కి, ఇంత అడుగు, అన్నట్టు వేలు ఆడించింది. తరవాత నేల మీద కూర్చున్న హలీమా నడుం వైపు చూసి, కిందకు వెళ్ళి, బండి దగ్గర గిరాకీలు కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకొచ్చి కంప్యూటర్ ముందు వేసింది. దాంతోపాటు ఉప్పూ కారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు. వ్యాపారస్తురాలు వ్యాపారస్తురాల్ని గుర్తుపట్టడానికి భాషతో పని లేదు.

చిక్కంతా ఆదివారాలతోనే. ఏలూరులో మగ్గానికి సెలవు శుక్రవారం. ఆసిఫ్‌కు సెలవు ఆదివారం. ఆదివారమైతే చాలు, ఎవరో ఒకరు ఆంధ్రా భోజనం అంటూ దిగేవాళ్ళు. హలీమా ఒక చెవిన దువ్వెన దెబ్బ, ఒక చెవిన కుక్కరు విజిలు పెట్టుకుని నెట్టుకొచ్చింది గాని, వరసలు వెనకబడ్డాయి. రంజాన్ నెల ముందు చివరి ఆదివారానికి ఇంకా జానెడు తివాచీ మిగిలింది.

"బస్తాలు గుమ్మం దాకా వచ్చేశాయి హలీమమ్మా. కాలు పెట్టాలంటే దాటుకుని రావాలి," అంది కనకమ్మ శనివారం.

ఆ సాయంత్రమే ఆసిఫ్ కబురు. "రేపు మా మేనేజర్ ప్రసాదరావుగారు, ఇంకో నలుగురు భోజనానికి వస్తున్నారు. చేపల పులుసు పెట్టు."

"రేపు జానెడు పని ఉందండీ."

"ఒక్కపూట ఆ రంగుల పాట ఆపితే కొంపలేం మునుగుతాయి?"

"కొంప కాదండీ. గది మునుగుతుంది, బస్తాల్లో." హలీమా గొంతు పెంచలేదు. "బేరానికి రండి. పనులు రెండు, మనుషులం ఇద్దరం. పులుసు పెడతారా, రంగులు చెబుతారా?"

ఆసిఫ్ ఇటూ అటూ చూశాడు. చేప తోమడం కంటే కాగితం చదవడం తేలికనిపించింది. "కూర్చుని చదవడమేగా. అది నాకొదిలెయ్."

ఆదివారం ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళ పరీక్ష రిపోర్టు చదివినట్టు ఎత్తుకున్నాడు. "రెండు ఎరుపు ఒకటి తెలుపు మూడు నీలం రెండు ఎరుపు నాలుగు పచ్చ..."

"బాబుగారూ! ఆగండాగండి," కనకమ్మ కేక. "వెనకాల రైలేమన్నా తరుముకొస్తోందా? చేతికి అందనివ్వండి!"

"సాగదీయండి బావగారూ," మహీన్ నవ్వు ఆపుకుంటోంది. "పాట అన్నారటగా. పాడండి మరి."

పాడాడు. దెబ్బ పడకముందే తరవాతి వరస ఎత్తుకున్నాడు. అది విప్పాల్సి వచ్చింది. గడి తప్పాడు. "ఎక్కడున్నాం?" అన్నాడు. "మేం మగ్గం దగ్గరే ఉన్నామండీ. మీరెక్కడున్నారో చూసుకోండి," అంది కనకమ్మ. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గడి మీద వేలు పెట్టాడు, వేలు కింద స్కేలు పెట్టాడు, మెల్లగా రాగం దొరికించుకున్నాడు. వంటింట్లో చింతపండు పిసుకుతున్న హలీమా ఒక్కమాట సాయం చేయలేదు.

బెల్లు మోగింది. చేపల చేత్తోనే హలీమా తలుపు తీసింది. ప్రసాదరావు, వెనక నలుగురు. "ఏమయ్యా ఆసిఫ్, ఏంటీ జపం?"

ఆసిఫ్ తల తిప్పలేదు. ఒక వేలు గడి మీద, రెండో చేయి గాల్లో. "పనిలో ఉన్నానండీ. ఈ వరస అయ్యాక వస్తాను. కూర్చోండి."

ఆ మాట హలీమా విన్నది. పనిలో ఉన్నాడట. అదే కుర్చీ, అదే కాగితం, అవే రంగులు. ఇన్ని నెలలు తను కూర్చుంటే అవి కబుర్లు, పాట, కాలక్షేపం. అతను గంటసేపు కూర్చోగానే పని అయిపోయింది! కోపం రావాలేమో గాని, రాలేదు. ఎన్నాళ్ళనుంచో సంతలో వెతుకుతున్న వస్తువు తన ఇంట్లోనే అటక మీద దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది. మొగుడి నోటి నుంచే, ఐదుగురు సాక్షుల ముందు, ధర కట్టి మరీ ఇచ్చాడు. ఇంత మంచి సరుకును ఇప్పుడు తీసుకోకపోతే అమ్మమ్మ క్షమించదు.

సబ్బుతో చేతులు కడుక్కుంది. కుర్చీ వెనక నిలబడి, దువ్వెన దెబ్బ పడేదాకా ఆగి, అతని భుజం తట్టింది. "లేవండి."

"మరి పులుసు?"

"పొయ్యి మీద ఉంది. అన్నం వార్చాలి, కంచాలు పెట్టాలి. కూర్చుని చేసే పని కాదు, నిలబడే చేయాలి. ప్రసాదరావుగారూ, ఏమీ అనుకోకండి. నేను పనిలో ఉన్నాను."

కూర్చుంది. "రెండు ఎరుపూ..." అటునుంచి ఇద్దరూ "ఆఁ..." అన్న తీరు చూస్తే, ఫోన్లో అంతా విన్నారని తెలిసిపోయింది. అతిథులు కాస్త ముద్దగా ఉడికిన అన్నం తిన్నారు. మధ్యలో ఎవరో గట్టిగా నవ్వితే, మామిడి ముక్కలు పట్టుకుని పైకొచ్చిన పా నోయ్ పెదవి మీద వేలు పెట్టి కసిరింది. ఆసిఫ్ మజ్జిగ వడ్డిస్తూ ప్రసాదరావుతో చెప్పడం హలీమా చెవిన పడింది: "అంత తేలిక కాదండీ. దెబ్బ వినాలి."

మంగళవారం తివాచీ మగ్గం దిగి, చేయించుకున్నవాళ్ళ చేతికి వెళ్ళింది. బుధవారం జాహిద్ లైన్లోకి వచ్చాడు. "మాట మాటే వదినా. మగ్గం ఉంటుంది. మరి నా బస్తాలు?"

"మీ మంచం కింద పెట్టుకోండి. సరుకు కళ్ళముందుంటే నిద్ర బాగా పడుతుంది."

"ఎలకలు కూడా బాగా పడతాయండీ," అని ఏడ్చినట్టు నవ్వి, అటు తిరిగి కేకేశాడు. "మహీన్, టీ!"

గదిలోంచి మహీన్ గొంతు, సాగదీసి, రాగంగా: "పనిలో ఉన్నానండీ... కొత్త పడుగు ఎక్కిస్తున్నాం... పాలు గిన్నెలో ఉన్నాయీ..."

జాహిద్ ఫోను పెట్టేయడం మరిచిపోయి వంటింట్లోకి వెళ్ళినట్టున్నాడు. గిన్నెల చప్పుడు బ్యాంకాక్ దాకా వినపడింది. సాయంత్రం ఆసిఫ్ బూట్లు విప్పుతూ, "అయ్యాయా..." అనబోయి, ఆగి, "ఎంతవరకు వచ్చింది పని?" అన్నాడు.

హలీమా కుర్చీలో వెనక్కి వాలి లెక్క చూసుకుంది. పెట్టుబడి మూడింట్లో తివాచీ అమ్ముడైంది. కాగితాలు ఖర్చైపోయాయి. గొంతు కొంచెం బొంగురు పోయింది. బెల్లం మిరియాలతో సర్దుకుంటుంది. లాభంలో మగ్గం, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఒక మాట. ఆ మాటను ఏలూరుకు ఇచ్చేసినా బ్యాంకాక్‌లో తరగలేదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో అంతకాలం కూర్చున్న అమ్మమ్మకు కూడా అలాంటి సరుకు దొరికి ఉండదు.