పాలు తగలని వెండి

ప్యాకెట్టు కత్తిరించనన్నాను. అంతే. నేనేదో దేవుడి గది తలుపును కాలితో తన్నినట్టు ఇల్లంతా నావైపు చూసింది.

మాకు రాయచూరు బజారులో స్టీలు గిన్నెల దుకాణం ఉంది. 'మాకు' అని అలవాటుకొద్దీ అంటాను. గల్లా దగ్గర కూర్చునేది మా బావ తిరుమలేశ్. నిచ్చెనెక్కి గిన్నెలు దింపేది ఆయన తమ్ముడు, అంటే మా ఆయన ప్రహ్లాద్. దీపావళికి ఇంట్లో ఉన్న వెండి నాణేలన్నిటినీ చింతపండుతో రుద్ది, ఇత్తడి పళ్ళెంలో కుప్పపోసి, పాలతో అభిషేకం చేస్తాం. పళ్ళెంలో పడి పాలు తగిలాక ఆ నాణెం ఇక ఎవరిదీ కాదు, ఇంటిది. మా మామ బతికున్నప్పటి నుంచీ అదే కట్టుబాటు. తోడికోడలు నేత్రక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిళ్ళలు ఆ కుప్పలోనే కలిసిపోయాయి. మా అత్త జయాబాయి రూపాయలు పదకొండూ అందులోనే ఉన్నాయి. అవి నిజాం కాలంనాటి చార్మినారు బొమ్మ రూపాయలు. మాన్విలో ఆమె పెళ్ళప్పుడు వాళ్ళమ్మ ఒడిబియ్యంతోపాటు పోసినవి. ఏటేటా చింతపండుతో తోమితోమి చార్మినారుకు మినార్లు అరిగిపోయాయి, నడుమ గుమ్మం ఒక్కటి మిగిలింది.

కొన్నేళ్ళ కిందటి ఆ దీపావళికి నేను తెచ్చిన ఇరవై గ్రాముల బిళ్ళ అలాంటిది కాదు. కొత్తది, గట్టి ప్లాస్టిక్ అట్టలో సీలు వేసి ఉన్నది. అట్ట మీద తూకం, నాణ్యం, నంబరు ముద్రించి ఉన్నాయి. దాన్ని అట్టతో సహా పళ్ళెంలో ఒక పక్కన పెట్టాను.

"గిదేందే అహల్యా? కత్తెర తెచ్చి కొయ్యి. లక్ష్మికి పాలు తగలాలె" అంది అత్త.

"కొయ్యనత్తమ్మా. సీలు కోస్తే రేపు అమ్మేటప్పుడు ధర కోస్తరు."

"దేవుని ముందల కూసొని అమ్ముతనంటదేంది!" అన్నాడు బావ.

"అమ్మరాని సొమ్ము సొమ్మెట్లయితది బావా? మీరు దుకాణంల గిన్నెలు అమ్మనీకె పెట్టినరా, పూజకు పెట్టినరా?"

అత్తకు కోపం నషాళానికి అంటింది. చేతిలోని పాలగిన్నె నేత్రక్కకు ఇచ్చేసి నావైపు తిరిగింది.

"పాలు తగలంది లక్ష్మి కాదు. గది ఉత్త సామాను. నీ సామాను తీస్కపోయి నీ బీరువల పెట్టుకో. దానికీ ఈ ఇంటికీ సంబంధం లేదు."

మంచిదన్నాను. తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకున్నాను. ఒక్క ప్లాస్టిక్ ముక్క కోసం పండగపూట ఇంత రచ్చ అవసరమా అని మా ఆయన గొణిగాడు. అవసరమే అన్నాను. ఆయన మంచివాడే, కానీ వాళ్ళన్న దగ్గర నోట్లో నాలుక లేనివాడు.

అసలు ఆ బిళ్ళ ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. నేను జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. పలచగా తట్టి, కాల్చి, ఆరబెట్టిన కటక్ రొట్టెలు. ఖానావళులు నడిపే భోజన హోటళ్ళవాళ్ళు కట్టలు కట్టలుగా పట్టుకుపోతారు. ఇంటి ఖర్చుకు పోను మిగిలినదానితో వెండి కొంటాను. ఓ మంచి చీర కొనుక్కోరాదా అని చుట్టాలు సలహా ఇస్తుంటారు. పాత చీరకు మారుగా ఎంత గిన్నె చేతిలో పెడతారో గిన్నెల దుకాణం ఇంటి కోడల్ని, నాకు చెప్పాలా?

నేను వెండి కొనేది ఉరుకుందప్ప దగ్గర. కొనడానికి వచ్చినవాళ్ళంతా ఎంత అని అడుగుతారు. తిరిగిస్తే ఎంతకు తీసుకుంటావు అన్నది నేనడిగే మొదటి మాట. మొదటిసారి ఆయన తక్కెడ వదిలేసి నవ్వాడు.

"ఇంకా కొననే లేదు, అప్పుడే అమ్మే మాటేందక్కా? పిల్లను చూడనీకొచ్చి విడాకుల మాట మాట్లాడినట్లుంది."

"ఆ మాట ముందే మాట్లాడుకుంటే మా ఆడోళ్ళకు శాన బాధలు తప్పుతుండె. చెప్పన్నా, ఎంతకు తీస్కుంటవ్?"

అలా అడిగి అడిగి విసిగించి ఒక్కొక్కటే తెలుసుకున్నాను. రంగులద్దిన లక్ష్మి బొమ్మ బిళ్ళ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ రంగుకూ పనితనానికీ మనం ఇచ్చిన డబ్బు తిరిగి అణా కూడా రాదు. పది చిన్న బిళ్ళలు కొనేకన్నా ఒక పెద్ద బిళ్ళ నయం, మజూరీ, అంటే తయారీ కూలి, తక్కువ పడుతుంది. తన దుకాణంలో కొన్నది సీలు చెదరకుండా బిల్లుతో తెస్తే, ఆ రోజు రేటుకు బరాబర్ తీసుకుంటానని ఉరుకుందప్ప ఒప్పుకున్నాడు. సీలు పోయిందా, ఇక గీకి చూడాలి, కోసి చూడాలి, కరిగించాలి. ప్రతిదానికీ తరుగు. అందుకే నేను బిల్లు మీద నా పేరు రాయించుకుంటాను, అట్ట మీద గోరు కూడా పడనివ్వను.

స్టేషన్ రోడ్డులో ఒక చిన్న మడిగె, ఒంటిగది దుకాణం, అద్దెకు తీసుకోవాలి, రొట్టెలపొయ్యి అక్కడికి మార్చాలి, పైన నా పేరుతో బోర్డు పెట్టాలి. అదీ నా ఆశ. మొన్న వేసవిలో ఆ లెక్కతోనే వంద గ్రాముల పెద్ద బిళ్ళ కొన్నాను. నా దగ్గరున్నవాటిలో అదే పెద్దది.

ఇక ఈ ఏడు దసరా నాటికి వెండికి రెక్కలొచ్చాయి. టీకొట్టు దగ్గర కూడా జనం వెండి రేటే మాట్లాడుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మా దుకాణం పక్క మడిగె ఖాళీ అయింది. బావ దాన్ని కలిపేసుకుందామని అడ్వాన్సు మాట్లాడి వచ్చాడు. వస్తూనే నడింట్లో కూర్చుని తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"పూజ వెండి అంత అమ్మేద్దాం. గింత రేటు మళ్ళ రాదు. అహల్యా, నీ బీరువల ఉన్నవి గూడ తే."

"అవెందుకు బావా?"

"ఎందుకేంది? ఇంట్ల వెండి ఇంటిదే గద."

ఈ మాట కోసం ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో నాకే తెలుసు.

"పాలు తగలలేదు గద బావా. పాలు తగలంది లక్ష్మి కాదు, ఉత్త సామాను, దానికీ ఈ ఇంటికీ సంబంధం లేదని అత్తమ్మ చెప్పింది. మీరు అక్కడ్నే ఉంటిరి. కావాలంటే అడగున్రి."

బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కోడలికి ఇంత పొగరు పనికిరాదన్నాడు, ఇల్లు ముక్కలయ్యేది ఇలాంటివాళ్ళ వల్లేనన్నాడు. నేను కదల్లేదు. చివరికి తల్లివైపు తిరిగాడు. అత్త వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే, "నేనే అన్న. అన్నమాట అన్నదే" అంది. ఎంత మొండిదైనా ఆమె మాట తప్పే మనిషి కాదు. నాకు ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది.

మర్నాడు పళ్ళెంలో నాణేలన్నీ సంచిలో పోసుకుని బయల్దేరుతూ బావ నన్నూ రమ్మన్నాడు. పొగరుబోతు కోడలైతేనేం, బేరానికి మాత్రం పనికొస్తుందిగా! లక్ష్మి ఇల్లు దాటేటప్పుడు ఇంటి పెద్దదాని చేతుల మీదుగా పోవాలని అత్త కూడా వెంట వచ్చింది. నేను నా వంద గ్రాముల బిళ్ళను చేతిసంచిలో వేసుకున్నాను. అమ్మడానికి కాదు. ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అడగందే నాకు తోచదు.

ఉరుకుందప్ప నాణేలను గాజుబల్ల మీద గుమ్మరించి, లక్ష్మి బిళ్ళలు ఒకవైపు, పాత రూపాయలు ఒకవైపు వేరుచేశాడు. రూపాయి ఒకటి తీసి, చిన్న ఉలి అంచున పెట్టి, సుత్తితో ఒక్కటి కొట్టాడు.

"ఏయ్! ఏం జేస్తున్నవ్?" అత్త బల్ల మీదికి వంగింది.

"లోపలేముందో చూడాలె గదవ్వా. ఎట్లయినా కరిగించేటివే." ఆయన గాటుపడిన అంచును చూసి పక్కన పెట్టాడు. "అయినా మీరు చింతపండుతోని రుద్ది ఖరాబు చేసినరు. అక్షరాలు, బొమ్మ మంచిగుంటే పాతనాణేలు పోగేసేటోళ్ళు వెండి ధరకు పైనే ఇస్తుండిరి. ఇప్పుడు ఉత్త తూకమే."

అత్త ఆ గాటుపడిన రూపాయిని వేలితో తడిమింది. అన్నేళ్ళు భక్తిగా రుద్దిన వేలు అదే.

"తిర్మలేశూ, ఇవి పదకొండు నాకిడిసిపెట్టురా. మా అమ్మ ఒడిల పోసినవి. తక్కినవి ఏమన్న చేసుకో."

"అవి నీవేందమ్మా? పళ్ళెంల పడ్డది ఇంటిదని నువ్వే చెప్తవ్. అహల్యకొక న్యాయం, నీకొక న్యాయమా? అవి లేకుంటే అడ్వాన్సుకు తక్కువ పడ్తది."

బజారులో ఎవరితోనైనా సై అంటే సై అనే మనిషి బల్ల మీది నుంచి చేయి వెనక్కి తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. మా ఇంట్లో అల్లుడిదాకా పోనక్కర్లేదు, కొడుకే చాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు ఈమె నన్ను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి, అయినా మంట ఆమె మీద కాదు.

"ఉరుకుందప్పన్నా, ఆ పదకొండు రూపాయలల్ల మేలిమి ఎంత?"

ఆయన తూచాడు, లెక్క కట్టాడు. "పాతవాట్ల రాగి కలుస్తది. అన్నీ తీసేస్తే వంద గ్రాములకు ఓ పిసరు తక్కువ."

నా బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను, పక్కనే బిల్లు పెట్టాను. "ఇది వంద. సీలు చూస్కో. దీని పైసలు మా బావకియ్యి. ఆ పాత రూపాయలు నాకియ్యి."

"ఇంటి వెండి నువ్వు కొనుడేంది?" బావ గొంతు పెంచాడు. పక్క దుకాణంవాళ్ళు తొంగిచూశారు. చూడనీ అనుకున్నాను.

"అమ్మనీకె తెచ్చినరు గద బావా? ఉరుకుందప్పన్నకు అమ్మితే ఒకటి, నాకమ్మితే ఇంకొకటా? మీకు ఓ పిసరు ఎక్కువే వస్తది. కాదంటరా? కాదంటే ఎందుకో గీడనే అందరి ముందల చెప్పున్రి."

బావ ఖాళీ సంచిని విసురుగా మడిచి చంకన పెట్టుకున్నాడు. ఉరుకుందప్ప నా అట్టను వెలుగులో అటూ ఇటూ తిప్పి, సీలు మీద వేలు జార్చి, గీకకుండా కోయకుండా సొరుగులో పెట్టుకున్నాడు. పైసా తరుగు తీయలేదు. అత్త ఆ ప్లాస్టిక్ అట్టనే చూస్తోంది. నేనూ చూశాను. స్టేషన్ రోడ్డు మడిగె సగం ఆ సొరుగులోకి పోయింది. బాధ లేదంటే అబద్ధం, చాలా బాధేసింది.

"రూపాయల బిల్లు దుకాణం పేరు మీదనేనా?" అన్నాడు ఉరుకుందప్ప.

"కాదు. జయాబాయి అని రాయి."

అత్త చప్పున నావైపు తిరిగింది. "నాకెందుకే? నువ్వు కొన్నవ్."

"కొన్న. మీకిచ్చిన. పేరు లేకుంటే మళ్ళ ఎవరో ఒకరు ఇంటిదంటరు. ఉంచుకున్రి."

ఆమె ఉరుకుందప్ప ఇచ్చిన బిల్లును మడిచి రవికలో దోపుకుంది. రూపాయలు కొంగున ముడేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని నడిచింది. బావ మాత్రం ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేశాడు. ఇంట్లో గోల తగ్గింది.

దీపావళి వచ్చింది. పూజకు పళ్ళెం పెట్టాం. కుప్ప లేదు. ఆనవాయితీ తప్పకూడదని బావ కొత్తగా కొన్న చిన్న లక్ష్మి బిళ్ళ ఒక్కటే మధ్యలో బోసిగా ఉంది. నేను నా పాత ఇరవై గ్రాముల అట్టను పక్కన పెట్టాను. ఈసారి ఎవరూ కత్తెర అడగలేదు.

అప్పుడు అత్త తన ట్రంకుపెట్టె తెరిచి ఒక కవరు తెచ్చింది. నేను రొట్టెలు కట్టే ప్లాస్టిక్ కవరు. ఎప్పుడు తీసిందో, నోరు మడిచి కొవ్వొత్తి సెగకు అతికించింది. నేను రొట్టెల కవర్లు అతికించేది అలాగే. లోపల రూపాయలు పదకొండూ ఉన్నాయి, మడిచిన బిల్లు ఉంది. గాటుపడిన రూపాయి పైకి కనిపిస్తోంది. చింతపండు తగలక అప్పుడే కాస్త నల్లబడింది. ఆ కవరును నా అట్ట పక్కన పెట్టింది.

నేత్రక్క పాలగిన్నె పట్టుకుని ఆగిపోయింది. పోయాలో వద్దో తెలియక మా ముగ్గురి మొహాలూ చూసింది.

"పైనుంచి పొయ్యవే" అంది అత్త.

"అమ్మా, కవరు ఇప్పు" అన్నాడు బావ. "పాలు తగలకుంటే లక్ష్మి ఎట్లయితది?"

అత్త కవరు మీద అరచేయి పెట్టింది.

"లక్ష్మి గాకుంటే గాకపాయెరా. నాది. గంతే సాలు."