రూఫస్ హస్తవాసి

డాక్టరుకి చదువొక్కటే చాలదు, హస్తవాసి కూడా ఉండాలంటారు. అనకాపల్లిలో కంప్యూటర్ల విషయంలో ఆ హస్తవాసి ఉన్నవాడు రూఫస్ ఒక్కడేనని పేరు. బెల్లం కొట్లో పరదేశి నాయుడుగారి కంప్యూటరు మూలిగినా, నెట్ సెంటరు వాళ్ళది మొరాయించినా కబురు రూఫస్‌కే వెళ్ళేది.

అతను వచ్చి, కుర్చీ లాక్కుని, మెటికలు విరిచి, నల్ల తెర తెరిచి టకటకా కొట్టేవాడు. వైరస్ ఎక్కడ నక్కిందో వెతికి, జుట్టు పట్టుకుని వేళ్ళతో సహా బయటికి ఈడ్చేవాడు. అంతా అయ్యాక మెడలో తాడుకి వేలాడే పెన్ డ్రైవు తీసి గుచ్చి, అందులోని తన పనిముట్లతో ఆఖరి మెరుగు దిద్దేవాడు. అది చూడముచ్చటగా ఉండేది. నెల తిరగకుండా అదే కంప్యూటరు మళ్ళీ మంచాన పడేది. అందుకు ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు సరికదా, "ఎన్నిసార్లు పిలిచినా విసుక్కోడు పాపం" అని మెచ్చుకునేవారు.

స్కాన్ అన్న మాట వినబడితే చాలు, రూఫస్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది.

"మీట నొక్కీసి కూకుంటే రోగం పోద్దేటి? నాడి సూడాల!"

అతని భార్య దీనా సొంత మేనత్త కూతురే. పదో తరగతి సగంలో పుస్తకాలు కట్టేసి పెళ్ళి చేశారు. ఆమెకి భయం పుట్టుకతో వచ్చిందో, పిల్లతో వచ్చిందో తెలీదు గానీ, చంటిది షెకీనా తుమ్మితే ఒక భయం, పొద్దుట్నుంచీ తుమ్మకపోతే ఇంకో భయం. ఆ మధ్య వీటన్నిటి నెత్తిన మిషన్ స్కూలు భయం వచ్చి కూర్చుంది. ఆ స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఉంది. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లూర్దు మేరీ రూఫస్‌ని పిలిచి తెగేసి చెప్పింది.

"రెండుసార్లు బాగుచేశావు, రెండుసార్లూ తిరగబెట్టింది. కంప్యూటర్లన్నీ మళ్ళీ పడుకున్నాయి. ఈసారి బాగుచేసి టర్మ్ అయ్యేదాకా నిలబెట్టు, ఏడాది పొడుగునా ల్యాబ్ నీకే ఇస్తాను. లేదంటే విశాఖ కంపెనీవాళ్ళ ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ పెట్టించేస్తాను."

నెలనెలా జీతం! పిల్లకి అప్పుడప్పుడే పళ్ళు వస్తున్నాయి గానీ, దీనా మనసులో అది యూనిఫారం వేసుకుని ఆ స్కూలు గేటు దాటేసింది.

పళ్ళు వచ్చే పిల్ల ఏది దొరికినా నములుతుంది కదా. ఒకరోజు పెన్ డ్రైవు దొరికింది. దీనా లాక్కుని, పాలసీసాలు మరుగుతున్న గిన్నెలో వెయ్యబోయింది.

"ఒసే ఒసే!" రూఫస్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "దాన్ని ఉడకెడతావేటే?"

"ఊళ్ళో కంప్యూటర్లన్నిట్లోనీ ఎట్టి తెత్తావు. పిల్ల నోట్లో ఎట్టీసుకుంది బావా!"

"ఆ జబ్బు పిల్లకంటదే పిచ్చిమొహమా. కంప్యూటర్లకే అంటతాది."

దీనా చెయ్యి వదిలించుకుంది. "మొన్న పిల్లకి సూదేయిత్తే నర్సమ్మ ఒక్కో పిల్లకీ కొత్త సూది తీసింది. నువ్వు ఊరందరికీ ఒకటే సూది పొడుత్తన్నావేటి బావా?"

రూఫస్ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. సాయంత్రానికి ఆ మాట టీకొట్లో కూడా నవ్వులు పూయించింది.

అయితే నవ్వితే పోయే భయం కాదది. మర్నాడు మధ్యాహ్నం అతను భోంచేసి నడుం వాల్చగానే, దీనా ముందుగదిలోని షాపు కంప్యూటరుకి పెన్ డ్రైవు తగిలించింది. ఎవరో అంటగడితే అతను మూల పడేసిన స్కాన్ ఒకటి ఆ కంప్యూటర్లో ఉంది. దాని మీట నొక్కింది. తెర నిండా ఎర్రెర్రగా పేర్లు వచ్చాయి. అన్నీ తీసెయ్యమంటావా అని అడిగింది యంత్రం. ఎర్రగా ఉన్నదాన్ని ఇంట్లో ఉంచుకునే తల్లి ఎవరుంటారు? తీసెయ్యమంది.

రూఫస్ లేచి చూసి గొల్లుమన్నాడు.

"నా పనిముట్లేయే?"

"ఎర్రగా రాసింది బావా. తీసీమన్నాను."

"అయి వైరస్సులు కావే, వైరస్సుల్ని పొడిసే కత్తులే! ఆ గుడ్డిదానికి దొంగోడూ ఒకటే, పోలీసోడూ ఒకటే! ఇందుకే నాను స్కానంటే ఒప్పుకోను. ఇలారా, సూడు. ఇది నాది. ఇదీ నాదే. ఇది..."

వేలు తెర మీదే ఆగిపోయింది.

అది అతనిది కాదు. కానీ దాన్ని అతనెరుగును. స్కూలు ల్యాబులో రెండుసార్లు జుట్టు పట్టి ఈడ్చింది దాన్నే.

"ఏటయింది బావా?"

"ఏటీ నేదు. అన్నమెట్టు."

"ఇందాకే కదా తిన్నావు!"

మర్నాడు రూఫస్ మెడలో తాడు లేకుండా స్కూలుకి వెళ్ళాడు. ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని, ఉత్త చేతుల్తో, ఆఖరి గంట కొట్టేదాకా కొడుతూనే ఉన్నాడు. ఏ మెరుగూ దిద్దలేదు. పెన్ డ్రైవు తాడు ఇంట్లో మేకుకే వేలాడుతూ ఉండటం దీనా చూసింది.

ల్యాబు నిలబడింది. టర్మ్ అయిపోయింది. సిస్టర్ కబురు చేస్తే, గంజి పెట్టిన చీర కట్టుకుని, పిల్లని చంకనేసుకుని దీనా కూడా బయల్దేరింది.

"నిన్ను చూసి ఎన్నాళ్ళయిందయ్యా రూఫస్!" అంది సిస్టర్. "టర్మంతా ఇటు తొంగిచూశావా?"

"పని పడనేదు సిస్టర్. ల్యాబు బాగానే ఉంది కదండి."

"నేనూ అదే అంటున్నాను. దానంతటదే బాగుంది. ఇదివరకైతే నువ్వు వచ్చి కష్టపడుతుంటే మా కళ్ళకి కనబడేది. రాని మనిషికి ఏడాది జీతం ఏమని రాయను? ఆ కంపెనీవాళ్ళదైతే ఎన్ని వైరస్‌లు పట్టిందో రోజూ లెక్క చూపిస్తుందట. వాళ్ళకే ఇచ్చేశాను."

రూఫస్ నోరు తెరిచాడు. ఇప్పుడు ఎందుకు బాగుందో చెప్పాలంటే, అప్పుడు ఎందుకు తిరగబెట్టిందో కూడా చెప్పాలి. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. తెరిచిన నోరు మూసేశాడు.

దీనా ఉండబట్టలేకపోయింది. "జబ్బు రాకుండా సూసేడు సిస్టర్!"

"రాని జబ్బుకి మందు ఖర్చు ఎవరిస్తారమ్మా?" సిస్టర్ నవ్వింది. "కంపెనీవాళ్ళు మెలిక ఒకటి పెట్టారు. రోజూ పొద్దున్నే ఆ స్కాన్ మీట నొక్కడానికి ఇక్కడో మనిషి కావాలట. పెద్ద చదువు అక్కర్లేదన్నారు."

"నొక్కడవేనా అండి? ఇంటికాడ నానే నొక్కుతాను."

భయపడే తీరిక లేకుండా మాట జారిపోయింది. సిస్టర్ ఆమెని ఎగాదిగా చూసింది.

"సోమవారం నుంచి రాగలవా? మరి పిల్లని ఎవరు చూస్తారు?"

దీనా రూఫస్ వైపు చూసింది. రూఫస్ పిల్ల వైపు చూశాడు.

బయటికొచ్చాక బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడతను.

"ఒక మాట ఇను. అది ఎర్రగా రాసీసి అన్నీ తీసీమంటాది. గబుక్కున నొక్కీకు. నాకు ఫోన్ సెయ్యి."

"సేత్తే?"

"వచ్చి నాడి సూత్తాను."

"ఉత్త సేతుల్తోనే వత్తావా?"

రూఫస్ ఆమె చంకలోంచి షెకీనాని తీసుకుని, తన ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో బావా, పడిపోద్ది!" అంది దీనా.

ఉద్యోగస్తురాలయ్యాక ఆమె పడిన మొదటి భయం అది.