ఫొటో వెనక నాలుగో పేరు

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పాల కేంద్రంలో, ట్యాంకులో పాల చల్లదనం కొలిచి చూపే డబ్బా మూడోసారి ఆగింది. ఆగినట్టు ఎవరికీ తెలియలేదు. దీపం వెలుగుతోంది. తెర మీద నాలుగు డిగ్రీలు అని ఉంది. అక్కడ పనిచేసే వీరభద్రం పొద్దున ట్యాంకుకు చెయ్యి ఆనించి చూసి ఫోన్ చేశాడు.

"మేడం, మీ డబ్బా నాలుగే అంటాంది. పాలేమో విరిగినయ్. నా మాట నమ్ముతరా, దాని మాట నమ్ముతరా?"

ఫోన్ ఎత్తింది మెహనాజ్. ఆ డబ్బా తయారుచేసే కంపెనీ మడికొండ ఐటీ పార్కులో ఉంది. పన్నెండు మంది పనిచేస్తారు. డబ్బా లోపల సెన్సర్‌తో మాట్లాడే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. దాన్ని రాసింది రాజమౌళి. నాలుగు నెలల కింద ఒక శుక్రవారం, ఆఫీసుకు వస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటినుంచి డ్రైవర్‌ను మెహనాజ్ చూస్తోంది.

శనివారం పదకొండింటికి మేనేజర్ సత్యనారాయణ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"సోమవారం రిపోర్టు పోవాలె. తప్పు ఎవరిదో పేరు రాయాలె. రాజమౌళి అని రాసెయ్. పోయినోన్ని మళ్ల ఉద్యోగంల నుంచి తీసేస్తరా ఏంది?"

రెండు బల్లల అవతల రాజమౌళి భార్య రమ కూర్చుని ఉంది. అక్కడే టెస్టింగ్ చేస్తుంది. తల ఎత్తలేదు.

"చూసి రాస్త సార్" అంది మెహనాజ్.

డ్రైవర్‌లో రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకేసారి మార్చకుండా తాళాలు ఉంటాయి. ఒక పని పరికరం తాళం పట్టుకుని రీడింగుల తాళం కోసం ఆగిందనుకోండి. ఇంకో పని రీడింగుల తాళం పట్టుకుని పరికరం తాళం కోసం ఆగితే, రెండూ అక్కడే నిలబడిపోతాయి. ఎర్రర్ రాదు. చివరి అంకె తెర మీద ఉండిపోతుంది.

అందుకే రాజమౌళి ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాడు. కొత్త తాళం పెట్టినవాళ్లు దాని పేరు వైట్‌బోర్డు మీద రాయాలి. అందరూ పైనుంచి కిందికి అదే వరుసలో తాళాలు పట్టుకోవాలి. కోడ్‌లోంచి తాళం తీసేసిన రోజే ఆ పేరు చెరపాలి.

బోర్డు మీద మూడు పేర్లు కనిపిస్తున్నాయి. కింద మార్కర్లు పెట్టే పట్టీ మీద రాజమౌళి ఫొటో ఉంది. అటెండర్ సారంగపాణి రోజూ దానికి దండ మార్చి అగరుబత్తి వెలిగిస్తాడు. నాలుగు నెలల్లో దాన్ని ఎవరూ కదపలేదు.

మెహనాజ్ తాళాల వరుసను గమనించే తనిఖీని ఆన్ చేసింది. తన బల్ల మీది డబ్బా రీడింగు తీస్తుండగా సెన్సర్ తీగ పీకింది. మూడోసారి పీకినప్పుడు, పన్నెండూ నలభైకి, హెచ్చరిక వచ్చింది. అందులో రెండు జాబితాలు ఉన్నాయి. రీడింగు తీసే పని ముందు పరికరం, తర్వాత రీడింగులు పట్టుకుంటోంది. అది రాజమౌళి రాసింది. తీగ ఊడినప్పుడు జరిగే పని ముందు రీడింగులు, తర్వాత పరికరం పట్టుకుంటోంది. అది మెహనాజ్ రాసింది, అతను పోయిన తొమ్మిదో రోజు.

ఆ రోజు ఆమె బోర్డు చూసే రాసింది. రీడింగుల తాళం పేరు అక్కడ కనిపించలేదు. రాజమౌళి రాయకపోయి ఉంటే తప్పు అతనిది.

ఆమె లేచి ఫొటో ముందు నిలబడింది. రాజమౌళిని అన్నా అనేది. రమను వదినా అంటుంది.

"వదినా, జర ఫొటో తీయనా?"

"ఎందుకే?"

"వెనకాల ఏమన్న రాసి ఉన్నదేమో."

"ఉంటే ఆయన పేరు ఉంటదా, పోతదా?"

"ఉంటది. లేకుంటే పోతది."

రమ వచ్చి రెండు చేతులతో ఫొటో ఎత్తింది.

పై మూడు పేర్లు కిటికీ ఎండకు వెలిసిపోయాయి. నాలుగోది నిన్న రాసినట్టు ఉంది. 'రీడింగులు. పరికరం తర్వాతే. మెహనాజ్‌కు చెప్పాలి.' పక్కన తేదీ. ప్రమాదానికి ముందురోజు, గురువారం.

రమ రెండుసార్లు చదివింది.

"రోజూ దండం పెట్టుకున్న. ఇన్ని దినాలు నిన్నే పిలుస్తాండు గదనే."

మెహనాజ్ తన బల్ల దగ్గరికి వెళ్లింది. తన కోడ్‌లో రెండు లైన్లు అటూ ఇటూ మార్చింది. తీగ రెండువందల సార్లు పీకి పెట్టింది. రమ లెక్కపెట్టింది. నాలుగింటికి అయిపోయింది. హెచ్చరిక రాలేదు. రిపోర్టులో పేరు రాసే చోట మెహనాజ్ తన పేరు రాసింది.

రమ డస్టర్ తీసుకుంది.

"చెప్పుడైతే అయింది. చెరపాల్నా?"

"తాళం ఇంక ఉన్నది వదినా."

రమ డస్టర్ పట్టీ మీద పెట్టేసింది. ఫొటోను ఎదురు గోడ దగ్గరి బల్ల మీద నిలబెట్టింది, ముఖం బోర్డు వైపు ఉండేట్టు.